రెండు వేళ్ల తేడా

మా సూరత్ పద్మశాలి సంఘం వాళ్లు ఈ ఏడు వేసిన ప్రత్యేక సంచికలో గంగారాం గురించి ఒక పేజీ ఉంది. అది చదివి ఒళ్లు మండి ఇది రాస్తున్నాను. ఆయన దేవుడికి మొక్కుకుని కళ్లకు గంతలు కట్టుకుని బట్ట నేశాడని అందులో రాశారు. ఆయన ఏ మొక్కూ మొక్కుకోలేదు. ఆ రోజు నేను అక్కడే, ట్రాక్టర్ పక్కనే, కొత్త చెప్పులు కరుస్తుంటే కుంటుకుంటూ నడుస్తున్నాను. లింబాయత్ మున్సిపల్ తెలుగు బడిలో ముప్పై ఏళ్లు తప్పులు దిద్దినవాణ్ణి, ఈ ఒక్కటి దిద్దకుండా వదలడం నా వల్ల కాదు.

గంగారాంది సిరిసిల్ల పక్క ఊరు. ఇరవయ్యో ఏట సూరత్ వచ్చాడు, ఇప్పుడు యాభై ఆరు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, చుట్టిన పాత బీము అయిపోయి కొత్త బీము ఎక్కించినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటిగా ముడివేయాలి. మా వాళ్లలో ఆ పనికి 'వైపని' అని పేరు. ఒక బీముకు నాలుగైదు వేల పోగులుంటాయి. ఇప్పుడు ఆ పనికి మిషన్లు వచ్చాయి. మిషన్ చెడిపోయిన రోజు సేట్లకు గంగారాం గుర్తొస్తాడు. వేళ్లకు కాస్త బూడిద రాసుకుని కూర్చున్నాడంటే వేళ్లు కదలడం కనబడదు, ముడులు మాత్రం పడుతుంటాయి. పొగడాలని అంటున్న మాట కాదిది. పొగడటం నాకు రాదని నా శిష్యులంతా చెబుతారు.

ఆ శిష్యుల్లో ఒకడు ప్రణయ్. మా తెలుగు బడిలోనే చదివి, తర్వాత ఇంజనీరై, ఇక్కడే అడాజన్‌లో ఒక కంపెనీలో చేరాడు. వాళ్లు కళ్లకు కట్టుకునే డబ్బా ఒకటి తయారు చేస్తున్నారు. డబ్బాకు ముందు రెండు కెమెరాలు, లోపల రెండు తెరలు ఉంటాయి. పెట్టుకుంటే ఎదురుగా ఉన్న గదీ కనబడుతుంది, గదిలో లేని వస్తువు కూడా ఉన్నట్టే కనబడుతుంది. ఉత్త బల్ల ముందు కూర్చోబెట్టి, దాని మీద లేని పడుగును చూపించి, కొత్త పనివాళ్లకు ముడులు నేర్పాలన్నది వాళ్ల ఆలోచన. చిక్కల్లా లోతు దగ్గర వచ్చింది. దారం కనబడుతుంది, అది ఎంత దూరాన ఉందో కచ్చితంగా చిక్కదు. అంతా ఇంజనీర్లే, ఒక్కడికీ ముడి వేయడం రాదు, ఇక తప్పెక్కడుందో ఎవరు చెప్పాలి? వేళ్లకు దూరం తెలిసిన మనిషి కావాలని ప్రణయ్ నా దగ్గరికి వస్తే, గంగారాంని నేనే పంపాను. జరిగినదానిలో నా పాలు కూడా ఉందని ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

మొదటి రోజు గంగారాం డబ్బా పెట్టుకుని, బల్ల మీద లేని పడుగును కాసేపు చూసి, "జర బూడిద కావాలె" అన్నాడు.

ప్రణయ్ తెల్లబోయి, "కాకా, దారమే లేదు కదా, బూడిద ఎందుకు?" అన్నాడు.

"దారం లేకపోతే లేకపాయె, వేళ్లు ఉన్నయి కదా. బూడిద లేకుంటే జారుతయి."

చలిపెట్టెలాంటి ఆ ఆఫీసులో బూడిద ఎక్కడిది? చివరికి రిసెప్షన్‌లో గణపతి పటం ముందు కాలిన అగరుబత్తుల నుసి ఊడ్చి తెచ్చారు. మర్నాటి నుంచి గంగారాం కోసం పూటకు పది బత్తులు వెలిగించే ఏర్పాటు జరిగింది. కంపెనీలో భక్తి పెరిగిందని పై ఆఫీసరు సంతోషించాడట.

నుసి రాసుకుని గంగారాం గాలిలో ముడి వేయబోయి ఆగిపోయాడు. "అన్నీ రెండు వేళ్లు దగ్గరికి కనవడుతున్నయి" అన్నాడు. స్కేలు పెట్టి కొలిస్తే నిజమే. కెమెరాలు ఉన్నది కళ్ల దగ్గర కాదు, డబ్బా మూతి మీద, కళ్లకు రెండు వేళ్లు ముందు. అంటే పెట్టుకున్న మనిషి తన కళ్లను రెండు వేళ్లు ముందుకు జరుపుకుని చూస్తున్నట్టు లెక్క. ఇంజనీర్లు చప్పట్లు కొట్టారు. తప్పు దొరికింది, దిద్దడానికి నెల పడుతుందన్నారు. ఆ నెలంతా గంగారాం రోజుకు ఎనిమిది గంటలు అదే డబ్బా పెట్టుకుని, రంగులు, నీడలు, దారం సన్నం ఇలా మిగతావన్నీ పరీక్షిస్తూ కూర్చున్నాడు.

నెల తిరిగాక దిద్దిన డబ్బా తెచ్చారు. గంగారాం పెట్టుకుని పెదవి విరిచాడు.

"ఏంది గిట్ల చేసిన్రు? అన్నీ రెండు వేళ్లు దూరం వోయినయి. మొన్నటిదే మంచిగుండె."

ప్రణయ్ స్కేలు పెట్టి కొలిచాడు. డబ్బా సరిగ్గానే ఉంది. మళ్లీ కొలిచాడు, సరిగ్గానే ఉంది. గంగారాం చెయ్యి మాత్రం ఒప్పుకోలేదు, నెల రోజుల్లో అది తప్పుడు దూరానికే అలవాటు పడిపోయింది. అప్పుడు పై ఆఫీసరు, రేపు ఈ డబ్బా కొనేది స్కేళ్లు కాదు, చేతులున్న మనుషులు, కాబట్టి చెయ్యి చెప్పిందే నిజం అని తీర్పిచ్చాడు. ఇంజనీర్లు ఇంత దగ్గరికి, ఇంకొంచెం దగ్గరికి అంటూ జరుపుతూ పోయారు. మూడు వారాలకు గంగారాం "ఆఁ, ఇప్పుడు బరాబర్" అన్నాడు. అంటే మొదటి రోజు ఉన్న తప్పు దగ్గరికే సరిగ్గా తిరిగొచ్చారన్నమాట. ఆ సాయంత్రం ఆఫీసులో కేకు తెప్పించి గంగారాం చేత కోయించారు. కత్తి కేకుకు రెండు వేళ్ల అవతల బల్ల మీద దిగింది. ఆయనకు కేకు కోయడం అలవాటు లేదనుకున్నారు.

అప్పటి నుంచి ఆ కంపెనీలో దూరంలో తేడాను గంగారాంలతో కొలవడం మొదలైంది. "అర గంగారాం తేడా ఉంది", "పావు గంగారాం తగ్గించండి" అని గుజరాతీ ఇంజనీర్లు మీటింగుల్లో మాట్లాడుకునేవారు. ఆ డబ్బాలు రోజంతా పెట్టుకున్నవాళ్లందరి చేతులకూ అదే జబ్బు పట్టింది. ఒకరి కప్పు ఒకరు పడదోసేవారు, కరచాలనానికి పోయి మణికట్లు పట్టుకునేవారు. అందరికీ ఒకే తేడా కావడంతో ఎవరికీ తేడా తెలియలేదు.

తెలిసింది ఒక్క జమునకే, గంగారాం భార్యకు. ఆమె చీరలకు జరీ అంచులు కుట్టే మనిషి, వేలెడు తేడా వస్తే ఊరుకోదు. మొగుడు చాయ్ గ్లాసు అందుకోబోతే చెయ్యి గ్లాసును దాటి పోయి, వెనక్కొస్తూ దాన్ని బోర్లా కొట్టేది. కుళాయి తిప్పబోతే వేళ్లు గోడకు తగిలేవి. ఒకరోజు ఆమె భుజం మీద నిమ్మళంగా చెయ్యి వేయబోయి వీపు మీద చరిచాడు.

"నాకేంది ఈ దెబ్బలు?" అంది.

"నేనెక్కడ కొట్టిన, చెయ్యేసిన" అన్నాడు గంగారాం. ఆయన బాధ నిజమైనది.

తాగుతున్నాడేమోనని రెండు రోజులు వాసన చూసింది. కాదని తేలాక ఏడవలేదు, అరవలేదు, ఇంటిని సర్దింది. ముందొక ఖాళీ గ్లాసు, దానికి రెండు వేళ్లు వెనకగా, కాస్త పక్కకు చాయ్ గ్లాసు పెట్టేది. చూడటానికి ఒకటి, పట్టుకోవడానికి ఒకటి. ఖాళీ గ్లాసును చూస్తూ చెయ్యి చాపితే చాయ్ దొరికేది. సబ్బుకు ముందు అరిగిపోయిన సబ్బు ముక్క, దువ్వెనకు ముందు పళ్లూడిన దువ్వెన వచ్చాయి. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు నాకూ రెండు గ్లాసులు వచ్చాయి. ఏది నాదో తెలియక ఖాళీది తాగినట్టు నటించి వచ్చాను.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఆషాఢంలో సంఘం నుంచి కబురు వచ్చింది. ఈ ఏడు శ్రావణ పున్నమికి రథంతోపాటు సాగే మగ్గం మీద బట్ట నేసే వంతు గంగారాంది.

మా వాళ్లకు అదెంతటిదో చెప్పాలి. పున్నమి రోజు మార్కండేయ స్వామి ఊరేగింపు బయలుదేరుతుంది. రథంతోపాటు ఒక ట్రాక్టర్ ట్రాలీ మీద చేతిమగ్గం పెడతారు. బండి కదులుతున్నంతసేపూ ఒక మనిషి దాని మీద కండువా నేస్తాడు. ఊరేగింపు గుడి ముందుకు చేరేసరికి అది పూర్తి కావాలి, దాన్నే స్వామికి కప్పాలి. మా సంఘంలో ఒక్క ఏడు కూడా అది తప్పలేదు. ఏటా ఒక్కరికే వంతు. గంగారాం పేరు రాయించుకుని ఇరవై రెండేళ్లయింది.

ఆ సంగతి చెప్పడానికి నా దగ్గరికి వచ్చిన రోజు ఆయన కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. "సారూ, నేను కట్టిన పోగుల మీద ఎన్ని లక్షల మీటర్లు వడ్డయో లెక్క లేదు. నేను ముడేసి లేస్త, ఇంకొకడు వచ్చి నేస్తడు. చిన్నప్పుడు నాయన కూసోవెట్టి పడుగు నడుమ అడ్డపోగు నాడె ఆడించుడు నేర్పిండు గని, ఒక్క బట్ట నేసి తెంపేలోపే మగ్గం అమ్ముడువోయింది. నేను నేసిన బట్ట అని చెప్పుకునేటందుకు నాకు ఒక్క మూర లేదు సారూ. ఇది ఒక్కటి నేస్త." ఈ మాటలు విన్నాక నాకు ఆయన మీద నవ్వు పోయింది. ఆ కండువా ఆయన చేత పూర్తవ్వాలని నేను కూడా గట్టిగా కోరుకున్నాను.

పున్నమికి పది రోజుల ముందు సంఘం హాల్లో మగ్గం దించి అభ్యాసానికి కూర్చోబెట్టారు. గంగారాం నాడెను కదిపే పలుపుతాడు లాగబోతే చెయ్యి దాన్ని దాటిపోయింది. తెగిన పోగు అందుకోబోతే వేళ్లు పడుగులోకి దూరిపోయి ఇంకో నాలుగు పోగులు తెంపాయి. వాటిని కట్టబోతే ఇంకో ఎనిమిది తెగాయి. సూరత్‌లో అందరికంటే వేగంగా ముడివేసే మనిషి గంటలో జానెడు బట్ట నేయలేకపోయాడు. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరివో తెచ్చి అతికించినట్టు వాటిని చూస్తూ కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

అధ్యక్షుడు బిక్షపతి అప్పుడే తన బామ్మర్ది పేరు ఎత్తాడు. "వంతులో వాడే ఉన్నడు, తయారుగ ఉన్నడు" అన్నాడు. ఆయన బామ్మర్ది పుట్టినప్పటి నుంచి తయారుగానే ఉన్నాడు, ప్రతి పదవికీ. నేను గొడవకు దిగాను. గొడవ మధ్యలో ప్రణయ్ వచ్చాడు. విషయం విని, మెల్లగా, "కాకా డబ్బా పెట్టుకుంటే చెయ్యి బరాబర్ పడతది కదా. పెట్టుకునే నేయనివ్వండి" అన్నాడు.

కార్యవర్గం దీని మీద రెండున్నర గంటలు చర్చించింది. డబ్బా మైలా, కాదా? బ్యాటరీ అయిపోయి దీపం ఆరినట్టు అది ఆరిపోతే అపశకునం కాదా? చివరికి పట్టీ తోలుదా అన్న దగ్గర ఆగింది. ప్రణయ్ తోలు కాదు రబ్బరన్నాడు. రబ్బరు చెట్టు నుంచి వస్తుంది కాబట్టి శాకాహారమేనని ఒకరన్నారు. అయినా ఎందుకని పట్టీ తీసేసి, నూలు నవారు కుట్టించారు. బిక్షపతి ఒక్క షరతు పెట్టాడు. సగం దారిలో పని ఆగితే బామ్మర్ది ఎక్కి కూర్చుంటాడు.

పున్నమి రోజు పొద్దున్నే సన్న తుంపర. గంగారాం కొత్త ధోవతి, కొత్త జంధ్యం, భుజాన కండువాతో ట్రాలీ ఎక్కాడు. ప్రణయ్ డబ్బాను ఆయన ఒళ్లో పెట్టి, రెండో బ్యాటరీ కోసం తన బండి దగ్గరికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడు పూజ మొదలైంది. మా ఆడవాళ్లు పండగపూట ఏ పనిముట్టునూ బొట్టు లేకుండా కదలనివ్వరు. మగ్గానికి పెట్టారు, నాడెకు పెట్టారు, ట్రాక్టర్‌కు, డీజే పెట్టెలకు పెట్టారు. కొత్తగా వచ్చిన డబ్బాకు పెట్టకుండా ఎలా ఉంటారు? దాని ముందువైపు రెండు గుండ్రటి అద్దాలు సరిగ్గా బొట్టు సైజులో ఉన్నాయి. నూనెలో తడిపిన పసుపు ఒక దాని మీద మెత్తి, దాని పైన కుంకుమ అద్దారు. రెండోదానికీ అంతే. ట్రాక్టర్ కదిలింది. గంగారాం భక్తిగా డబ్బా కళ్లకు కట్టుకున్నాడు.

ప్రణయ్ పరుగెత్తుకొచ్చేసరికి ఆయన కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"కాకా, నేస్తలేవేంది?"

"అంతా ఎర్రగ ఉన్నది రా. స్వామి కనవడుతడేమో అని చూస్తున్న."

ప్రణయ్ చొక్కా అంచుతో తుడిచాడు. కుడి అద్దం తేటపడింది. ఎడమదాని మీద నూనె పసుపు ఇంకా పలచగా పరుచుకుంది. ఒక కెమెరాతో దూరం లెక్కకట్టలేక డబ్బాకు మతిపోయింది. మగ్గాన్ని ఒకసారి గంగారాం ముక్కు దగ్గరికి తెచ్చేది, ఒకసారి ట్రాక్టర్ డ్రైవర్ వీపు దాకా తోసేసేది. గంగారాం దాని వెంట ముందుకూ వెనక్కూ వాలుతూ ఊగుతుంటే, పూనకం వచ్చిందనుకుని ఇద్దరు ముసలమ్మలు హారతి పట్టారు. పదకొండు పోగులు తెగాయి. పర్వత్ పాటియా వైపు మలుపు వచ్చేసరికి దారి మూడో వంతు అయిపోయింది, బట్ట నాలుగు వేళ్లు కూడా పడలేదు. తుంపర వానైంది. డబ్బాలో బొమ్మ ఆగిపోయింది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి తల వంచుకున్నాడు.

బామ్మర్ది అప్పటికే చెప్పులు విడిచి ట్రాలీ మెట్టు మీద కాలు పెట్టాడు. అతన్ని పక్కకు నెట్టి జమున ఎక్కింది.

"ఒక్కటి అడుగుత చెప్పు" అంది మొగుడితో. "ఈ నాలుగు నెలలు నువ్వు అన్నం తింటున్నవు. ముద్ద ఎటు వోతున్నది?"

"నోట్లకే వోతున్నది."

"ఒక్కనాడన్న చెవుల వెట్టుకున్నవా? ముక్కుల వెట్టుకున్నవా?"

"లేదు."

"నోరు నీకు కనవడుతదా?"

గంగారాం తన పెదాలు తడిమి చూసుకున్నాడు. ఆమె ఆయన భుజం మీది కండువా లాగి, రెండు మడతలు వేసి, కళ్లకు గట్టిగా కట్టింది. "కన్ను చెప్తెనే నీ చెయ్యి తప్పుతున్నది. ఇగ నెయ్యి" అని పక్కకు జరిగింది.

ఆయన చెయ్యి గాలిలో వెతకలేదు. మోకాలి మీద నుంచి మగ్గం కట్టె దాకా, కట్టె నుంచి పడుగు దాకా పాకి, తెగిన మొదటి పోగు దగ్గర ఆగింది. ధోవతి మడతలో దాచుకున్న బూడిద చిటికెడు తీశాడు. ముడి పడింది. పదకొండు పోగులూ కట్టడానికి ఆయనకు ట్రాక్టర్ సిగ్నల్ దగ్గర ఆగినంత సేపు చాలింది. తర్వాత నాడె ఆడటం మొదలైంది. ముప్పై ఆరేళ్లుగా మరమగ్గాల మోతలో బతికినవాణ్ణి, ఒక్క మగ్గం చప్పుడు విని నాకు ఒళ్లు జలదరించడం అదే మొదలు. ప్రణయ్ తడిసిన డబ్బాను ఒళ్లో పెట్టుకుని ట్రాలీ అంచున కూలబడ్డాడు. "సార్, నాలుగు నెలలు మేం కొలిచింది డబ్బాను కాదు, కాకాను" అన్నాడు. ఆ నెలలోనే వాళ్లు లోతును స్కేలు ప్రకారం దిద్దుకున్నారు. ఇప్పుడు పరీక్షించే మనిషిని రోజుకు అరగంటకు మించి కూర్చోబెట్టడం లేదు. గంగారాం చేతికీ పది రోజుల్లో తేడా పోయింది. చరిచిన దెబ్బలకు మాత్రం జమున ఇప్పటికీ జవాబు అడుగుతోంది.

ఇక బిక్షపతి చేసింది చెప్పాలి. కళ్లకు గంతలతో మనిషి నేస్తుంటే జనం మూగారు, ఏంటని అడిగారు. సంఘం పరువు కోసం ఈయన మైకు అందుకుని, "మన గంగారాం, స్వామికి కప్పేదాక ఆ బట్టను కండ్లతోని చూడనని మొక్కుకున్నడు" అని చాటాడు. క్షణంలో కొబ్బరికాయలు పగిలాయి. ఆ ఒక్క మాటతో బామ్మర్ది దిగిపోవాల్సి వచ్చింది కాబట్టి నేను అప్పుడు నోరు మూసుకున్నాను, అది నా తప్పు. ఇప్పుడు అది నియమమై కూర్చుంది. వచ్చే ఏడు వంతు ఉన్నవాడు ఇచ్ఛాపూర్‌లో ఇంటి తలుపు వేసుకుని, కళ్లు కట్టుకుని అభ్యాసం చేస్తున్నాడని, ఇప్పటికే ఒక టీవీ పగిలిందని విన్నాను.

గుడి గోపురం కనబడేసరికి ఇంకా మూరెడు మిగిలింది. డ్రైవర్ ఎవరూ చెప్పకుండానే బండిని నడక కంటే మెల్లగా పోనిచ్చాడు. డప్పుల వాళ్లు నాడె చప్పుడుకు తగ్గట్టు కొట్టడం మొదలుపెట్టారు. బండి గుడి మెట్ల ముందు ఆగిన తర్వాత కూడా నాడె ఆరుసార్లు అటూ ఇటూ తిరిగింది, ఏడోసారి తిరగలేదు. పూజారి కత్తెరతో పడుగు కోశాడు. కండువా జమున చేతుల్లోకి వచ్చింది.

గంగారాం కళ్ల కట్టు విప్పుకోబోయాడు. చుట్టూ వందమంది "ఇంక లేదు, ఇంక లేదు, స్వామికి కప్పినంక" అన్నారు. లేని మొక్కు ఆయన చేతుల్ని ఆపేసింది. ఇరవై రెండేళ్లు ఎదురుచూసి నేసిన బట్ట ఎదురుగా ఉంది, పూజారి దానికోసం పళ్లెం చాపి నిలబడ్డాడు. లోపలికి వెళ్లిందంటే స్వామి మెడలో పూలదండల కిందే, దూరం నుంచి చూడటమే.

"ఎట్లొచ్చింది?" అని అడిగాడు మెల్లగా.

జమున కండువాను కొస నుంచి కొస దాకా చూసింది. అంచులు కుట్టే మనిషి కదా, తొందరపడలేదు. "మంచిగ వచ్చింది. ఒక్కకాడ పోగు తప్పింది" అంది.

"యాడ?"

ఆమె ఆయన చూపుడువేలు పట్టుకుని తెచ్చి, బట్ట మీద ఆ చోట ఆనించింది. "ఇగో, ఈడ."

గంగారాం వేలు అక్కడ కాసేపు నిలిచింది. గోటి కొసతో తప్పిన పోగును తడిమి, అటూ ఇటూ ఉన్న పోగుల్ని తడిమి, నవ్వాడు. గంతల కింద నుంచి నీళ్లు గడ్డం దాకా కారాయి.

"ఔ, ఉన్నది" అన్నాడు. "అది నాదే."